అడ్డొచ్చిన గేదె

రమణమూర్తి పిండాన్ని కాకి ముట్టడం లేదు.

పదో రోజు కర్మ ఫిషింగ్ హార్బర్ పక్కనున్న ఇసుకలో పెట్టించింది అతని చిన్నాన్న తవిటయ్య. అక్కడైతే కాకులకు కరువుండదన్నాడు. నిజమే. పడవల మీద, గోడ మీద, ఐసు ఫ్యాక్టరీ రేకుల మీద వందల కాకులు. అన్నీ తెల్లవారకముందే కడుపునిండా చేపలు తిని కూర్చున్నాయి. ఈ చప్పటి అన్నం ముద్ద ఎవరిక్కావాలి అన్నట్టు చూస్తున్నాయి.

పురోహితుడు రెండోసారి వాచీ చూసుకున్నాడు. కాకి ముట్టలేదంటే పోయినవాడికి తీరని కోరికేదో ఉన్నట్టేనన్నాడు. అది తీరుస్తామని ఎవరో ఒకరు మాటివ్వాలట. లేకపోతే ఆ మనిషి ఇక్కడిక్కడే తిరుగుతుంటాడట.

చిలకమ్మ ముఖం పాలిపోయింది. మొగుడి పిండం మీద ఇంకాస్త వంకాయ కూర పెట్టింది.

ఆమె తమ్ముడు ఎల్లారావు విరిగిన చేతికి కట్టుతో వెనక నిలబడ్డాడు. ప్రమాదం జరిగిన రోజు బావ స్కూటర్ వెనక కూర్చున్నది అతనే. బుక్ చేసి ఏడేళ్లు ఎదురుచూస్తే వచ్చిన స్కూటర్ అది. గేదె అడ్డొచ్చిందని, తప్పించబోయి బావ హేండిల్ తిప్పేశాడని, స్తంభానికి గుద్దుకుని అక్కడికక్కడే పోయాడని ఆస్పత్రిలో చెప్పాడు. ఆ తర్వాత గేదె అతని చేతిలో లేదు. మూడో రోజుకి దానికి మూరెడు కొమ్ములొచ్చాయి. అయిదో రోజుకి రెండు గేదెలయ్యాయి. పదో రోజుకి అది యముడి వాహనమేనని తవిటయ్య తేల్చేశాడు.

రమణమూర్తి ఉంటే ఊరుకునేవాడు కాదు. పోర్టులో తూకాల దగ్గర పని అతనిది. మాటలో కూడా వీసమెత్తు తేడా సహించేవాడు కాదు. ఎవరైనా నాలుగు గారెలు తిని రెండే తిన్నామంటే అక్కడే సరిచేసేవాడు.

తవిటయ్య ముందుకెళ్లి దండం పెట్టాడు. "నీ పెళ్లాన్ని మేం సూసుకుంటాం రా" అన్నాడు. కాకులు కదల్లేదు. గొంతు తగ్గించి, "ఆ ట్రాన్సిస్టర్ కూడా ఇచ్చీస్తాన్లే" అన్నాడు. ఏడాదిగా ఆ రేడియో కోసం ఇల్లంతా వెతుకుతున్న చిలకమ్మ తలెత్తి చూసింది. కాకులు మాత్రం చూడలేదు.

"పెళ్లిలోనూ ఇంతే సేసినాడు. బతిమాల్తే గానీ ముద్ద ముట్నేదు" అని మేనత్త కాసులమ్మ గొణిగింది.

ఎల్లారావు వెళ్లి పిండం పక్కన వంగాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు.

అతను లేచి నిలబడేలోపే ఒక కాకి దిగింది. వంకాయ ముక్క పక్కకు నెట్టి అన్నం పొడిచింది. దాని వెనకే ఇంకోటి.

పది రోజుల్లో మొదటిసారి చిలకమ్మ గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. తమ్ముడి భుజం పట్టుకుంది.

"ఏటని మాటిచ్చినావురా?"

"ఇకనైనా నిజం సెప్పీస్తానన్నానప్పా." ఎల్లారావు తల దించుకున్నాడు. "ఆ రోజు బావకి అడ్డొచ్చింది గేదె కాదు, కాకి."