అన్నకు రెండు పళ్లు

శ్రీలంకలో, సాయంత్రం నాలుగున్నరకు, బుత్తల నుంచి కతరగామ వెళ్లే బస్సును అడవి దారిలో ఒక ఏనుగు ఆపింది.

మగ ఏనుగు. దంతాలు లేవు, అక్కడి మగవాటిలో చాలావాటికి ఉండవు. రోడ్డుకు అడ్డంగా నిలబడి తొండం చాచింది.

"అడవి మొదట్లో గణదేవుడికి మొక్కి చెట్టుకు కొమ్మ కట్టే వచ్చాం. అయినా సుంకం కావాలంటున్నాడు," అన్నాడు డ్రైవర్ గుణదాస. "ఎవరి దగ్గరైనా పళ్లున్నాయా?"

ముందు సీట్లో తెల్లచీర కట్టుకున్న ముసలామె ఒళ్లో పళ్లెం ఉంది. కతరగామ కుమారస్వామి గుడికి తీసుకెళ్తున్న పళ్లు. అందరూ అటు చూశారు.

ఆమె పళ్లెం మీద కొంగు కప్పింది.

"ఒక్క అరటిపండమ్మా," అన్నాడు కండక్టర్ తిలకసిరి.

"ఒక్కటీ ఇవ్వను. కిటికీలు మూయండి. హారన్ కొట్టకు నాయనా, మెల్లగా వెనక్కి తీసుకో."

"తమ్ముడు కుమారస్వామికి పళ్లెం నిండా తీసుకెళ్తూ, అన్న వినాయకుడు దారిలో అడిగితే రెండు పళ్లివ్వవా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

బస్సంతా నవ్వింది.

"అన్నకు అడవి నిండా తిండుంది. ఇవాళ మీరు పెడతారు. రేపటి బస్సు పెట్టదు. వీడు కిటికీలో తొండం దూరుస్తాడు, ఎవరి చెయ్యో విరుగుతుంది. అప్పుడు గొలుసులేసి, ఎక్కడికో తరలించడానికి లారీ ఎక్కిస్తారు. పోయినేడు ఇక్కడే ఒకణ్ని ఎక్కించారు."

"పిసినారితనానికి ఎంత పురాణం!" అంది పక్కసీటామె.

ఏనుగు కదిలింది. కిటికీలు ఒక్కొక్కటే తడుముతూ వచ్చి ముసలామె కిటికీ దగ్గర ఆగింది. తొండం అద్దానికి ఆనించింది. ఊపిరికి అద్దం మసకబారింది.

"పళ్ల వాసన పట్టేసింది," అన్నాడు తిలకసిరి.

ముసలామె సీటు కిందికి జారింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇవ్వడానికి చెయ్యి రాదుగానీ భయానికి లోటు లేదు," అంది పక్కసీటామె.

గుణదాస బస్సును నెమ్మదిగా వెనక్కి తీశాడు. ఏనుగు చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత పొదల్లోకి వెళ్లిపోయింది.

కతరగామలో ముసలామె దిగుతుంటే పళ్లెం పట్టుకోవడానికి ఎవరూ చెయ్యి అందించలేదు. ఆమె తమ్ముడు స్టాండులో ఎదురుచూస్తున్నాడు.

"వాడు కనబడ్డాడా, మెణికే అక్కా?"

"కనబడ్డాడు. బాగా పెరిగాడు."

"పిలిచావా?"

"పిలిస్తే ఇంక రోడ్డు వదలడురా."

ఆమె గుడి వైపు నడిచింది.

తిలకసిరి ఆమె తమ్ముణ్ని ఆపాడు. "ఎవర్ని పిలవడం, అన్నా?"

తమ్ముడు చెప్పాడు.

తిలకసిరి వెనక్కి తిరిగి చూశాడు. గుడి దారి నిండా తెల్లచీరలే. ఆమె ఎవరో పోల్చుకోలేకపోయాడు.

తల్లి చనిపోయిన ఆ ఏనుగును పిల్లగా అనాథ ఏనుగుల శిబిరానికి తెచ్చిన రోజు నుంచి అడవిలో వదిలిన రోజు దాకా, దానికి సీసాతో పాలు పట్టింది మెణికే.