ఐదో వాటా

పాత పాటల రేడియో ఇకమీదట కొత్త పాటలే వేస్తుందన్న కబురు చెవిన పడ్డప్పటినుంచీ పొడుగాయనకు ముద్ద దిగడం లేదు.

ఆరడుగుల పైచిలుకు మనిషి. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని పొడుగాయనే అంటారు. పెద్ద నగరం కదా, పక్క తలుపువాడి అసలు పేరేమిటో, ఏం చేస్తాడో ఎవరికీ పట్టదు. అంతటి మనిషీ వారం తిరిగేసరికి సగమయ్యాడు. పాటల కోసం ఇంతలా కుమిలిపోయేవాణ్ని తన సర్వీసులో చూడలేదని వాచ్‌మన్ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాడు.

భార్య మాత్రం విసుక్కుంది. గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే ఏమొస్తుంది, వెళ్లి ఆ రేడియో యజమానురాలి కాళ్లయినా పట్టుకోండి, పోయేదేముంది అంది.

మాట బాగానే ఉంది. కానీ ఒక్కడే వెళ్తే నెగ్గుకురాలేననిపించింది ఆయనకు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. పొద్దున లేచింది మొదలు ఆ రేడియోయే ఆవిడకు తోడు. సంగతి చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. కర్ర అందుకుని, చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ, "పద నాయనా" అంది.

స్టేషన్ అంటే ఏదో అనుకునేరు. టైర్ల దుకాణం పైన మూడు గదులు. గోడలకు అంటించిన స్పాంజి అక్కడక్కడా ఊడి వేలాడుతోంది. గాజు తలుపు వెనక అనౌన్సరు కుర్రాడు మైకు ముందు కూర్చుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

యజమానురాలు మర్యాదస్తురాలు. కుర్చీలు వేయించి మంచినీళ్లిచ్చింది. లెక్కలు చూసుకునే కూతురు కూడా వచ్చి నిలబడింది. ఆ పిల్లది తల్లిలా కాదు, ముక్కుసూటి వ్యవహారం.

"మాకు సరదా అయి కాదు అంకుల్," అంది. "ఊళ్లో రేడియో వినేవాళ్లు తొంభైమంది అనుకోండి. అందులో ఎనభైమందికి కొత్త పాటలే కావాలి. వాళ్లని నాలుగు స్టేషన్లు పంచుకుంటున్నాయి. తలా ఇరవై. పాత పాటలవాళ్లు పదిమంది. ఆ పదిమందీ మావాళ్లే, కాదన్ను. కానీ పదిమందే! మేమూ కొత్త పాటలు వేశామనుకోండి, ఐదో వాటా మాది. అప్పుడు తలా పదహారు. పది ఎక్కువా, పదహారు ఎక్కువా?"

లెక్కలో తప్పు లేదు. తప్పు ఉంటే పొడుగాయనకు ఇంత దిగులెందుకు?

ఐదు స్టేషన్లూ కూడబలుక్కున్నట్టు ఒకే పాట వేస్తే ఇక ఊరికి మిగిలేదేమిటని అడిగాడు. ప్రకటనలిచ్చేవాళ్లు తలకాయలు లెక్కపెడతారు గానీ ఊరి బాగు ఎవరిక్కావాలంది ఆ పిల్ల. తర్వాత ఆయన వాలకం చూసి జాలేసిందో ఏమో, కాస్త మెత్తబడింది.

"ఇంతలా బాధపడుతున్నారు. మీరేం చేస్తుంటారంకుల్?"

"ఏదో చిన్న ఉద్యోగంలే అమ్మా. ఉంటుందో ఊడుతుందో తెలీదు."

అప్పటిదాకా పెద్దమ్మ గాజు తలుపు వైపు చెవి పెట్టి వింటోంది. ఉన్నట్టుండి యజమానురాలి వైపు తిరిగింది.

"ఆ అబ్బాయికి దగ్గు ఇంకా తగ్గినట్టు లేదమ్మా. డాక్టరుకు చూపించారా?" అంది. "మా ఆయన పోయాక రోజూ నాతో మాట్లాడేది అతనొక్కడే."

యజమానురాలు కళ్లొత్తుకుంది. అంతసేపూ కూతురు గడగడా చెప్పిన లెక్కలన్నీ గాలికి పోయాయి. ఆవిడ ఫోన్ తీసి, కొత్త పోస్టర్లు అచ్చు వేస్తున్నవాణ్ని పిలిచి, ఆపేయమంది.

"అమ్మా, ఇలాగైతే ఏడాది తిరక్కుండా తాళం వేసుకోవాలి," అంది కూతురు.

"వేసుకుందాం. అందాకా వీళ్లను వదల్ను."

ఆ పిల్ల కిటికీ దగ్గరకు వెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడింది. పొడుగాయన రెండు చేతులూ జోడించాడు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లేమీ కావు, వారం నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది మరి.

మెట్లు దిగుతుంటే పెద్దమ్మ ఆయన చేయి గట్టిగా పట్టుకుంది.

"నా కడుపున పుట్టినవాడైనా నాకోసం ఇంత చేసేవాడు కాదు నాయనా. చల్లగా ఉండు."

చూపు ఆనని మనిషి ముందు తల దించుకోవాల్సిన అవసరమేమిటో గానీ, ఆయన దించుకునే నడిచాడు. ఆటోలో దారి పొడవునా ఆవిడ తనకిష్టమైన పాటల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. ఆయన అన్నిటికీ తలూపాడు. గుమ్మందాకా దిగబెట్టాడు. ఆవిడ లోపలికెళ్లి, కర్ర మూలన పెట్టి, అన్నిటికన్నా ముందు రేడియో పెట్టుకుంది.

అక్కణ్నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లి, కొత్త పాటలు వేసే ఆ నాలుగు స్టేషన్లలో ఒకదాని మేనేజరు గదిలో తన కుర్చీలో కూర్చుని, పొడుగాయన తన యజమానికి ఫోన్ చేశాడు: "ఇక భయం లేదు సార్, ఆవిడ మన శ్రోతల జోలికి రాదు."