అద్దానికి కప్పిన చీర

అద్దాలకు మాటలొచ్చాక ఒంట్లో నలతను దాచుకోవడం ఎవరి తరమూ కావడం లేదు. ఆ పొద్దున నూకరత్నం చంకలోని కొడుకును చూసి ఇంటి అద్దం, "బాబు కళ్ల కింద నీరు చేరింది. మూత్రం పరీక్ష చేయించండి" అంది.

"నీరేటే, దాని మొహం! గుంటడు ఇప్పుడే కదేటి ఒళ్లు చేత్తన్నాడు. దిష్టి తగిలీగల్దు, గుడ్డ కప్పీ" అంది అత్త పైడమ్మ.

పిల్లాడు పుల్లలా ఉన్నాడని నిన్నటిదాకా అందరూ దెప్పినవాళ్లే. నూకరత్నం అద్దానికి పాత చీర కప్పి, వాడి బుగ్గన నల్లచుక్క పెట్టింది. సాయంత్రానికి కళ్లు మామూలుగానే కనబడేసరికి గుండె కుదుటపడింది. కొన్నాళ్లకు వాడి మొలతాడు బిగుతైతే, మురిసిపోతూ వదులు చేసింది.

ఒకనాడు నూనె రాస్తుంటే వాడి కాలి మీద తన వేలు దిగినచోట గుంట పడింది. అది ఎంతకీ పూడలేదు. వాణ్ణి అద్దం ముందుకు తెచ్చి చీర లాగేసింది.

"మూత్రపిండాలకు జబ్బు చేసినట్టుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంది అద్దం. ఆపై మెల్లగా అడిగింది, "ఇన్నాళ్లూ బాబు ఊళ్లో లేడా అమ్మా?"

"ఇక్కడే ఉన్నాడు, నా చంకలోనే" అంటూ నూకరత్నం వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది.