నోటి ఓటు

“ఒక్క మాట చెప్పండి, హాల్‌క్రో గారూ! చీటీ ఓటుకి నేనూ ఒప్పుకుంటానని అందరూ వినేలా ఒక్క మాట. సీటు మనదే!” ఏజెంటు పీబుల్స్ బతిమాలుతున్నాడు.

“చెప్పను,” అన్నాడు మాగ్నస్ హాల్‌క్రో.

గుంపులోంచి కుళ్ళిన గుడ్డొకటి వచ్చి, వేదిక మీదున్న ఆయన కోటుకి తగిలి పగిలింది. రేవు బజారంతా ఘొల్లున నవ్వింది.

హాల్‌క్రో ఒటాగో ప్రాంతంలో పేరున్న రంపపు మిల్లు యజమాని. రెండుసార్లు పార్లమెంటుకు నెగ్గాడు. ఈసారి జనం ఒకే పట్టు మీద ఉన్నారు. ఓటరు నలుగురి ముందూ అభ్యర్థి పేరు పైకి చెప్పే పద్ధతి పోవాలి, రహస్యంగా చీటీ వేసే పెట్టె రావాలి. తెస్తానన్నాడు ప్రత్యర్థి క్రైటన్. వద్దన్నాడు హాల్‌క్రో.

“ఎందుకు వద్దంటున్నాడో నాకు తెలుసర్రా!” మిల్లులో దుంగలు కోసే టామ్ అరిచాడు. “ఎవడు ఎదురుతిరిగాడో చెవులారా విని, రేపు పనిలోంచి పీకెయ్యడానికి!”

ఆ ఊపులోనే ఓట్లు రాసుకునే అధికారి బల్ల దగ్గరికెళ్ళి, “క్రైటన్!” అని యజమాని మొహం మీదే ఓటు చెప్పాడు.

“గొంతు బాగుంది, టామ్,” అన్నాడు హాల్‌క్రో. “రేపు పొద్దున్నే ఆ గొంతేసుకుని పనిలోకి రా. దుంగలు చాలా ఉన్నాయి.”

పీబుల్స్ తల పట్టుకున్నాడు. డునెడిన్ పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు. ఈ మనిషి అతనికి అంతుపట్టడం లేదు.

“పనివాళ్ళని పల్లెత్తు మాట అనరు. పార్లమెంటుకని వెల్లింగ్టన్ స్టీమరెక్కితే దారంతా వాంతులేనట. సభలో ఒక్కసారీ నోరు విప్పలేదట. మరి ఎందుకండీ మీకీ ఎన్నికలు?”

హాల్‌క్రో వినడం లేదు. పొద్దుటి నుంచీ చూస్తున్న నది మలుపు వైపే చూస్తున్నాడు. పోలింగు ముగిసే వేళవుతోంది.

“వచ్చింది పడవ,” అన్నాడు ఉన్నట్టుండి.

తారు మరకల చొక్కాతో ఒక ముసలాయన తెడ్డు వేసుకుంటూ వచ్చి, జెట్టీకి పడవ కట్టేసి, మెట్లెక్కాడు. హాల్‌క్రో లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

“కాసేపు నోళ్ళు ముయ్యండ్రా!”

అన్ని తిట్లు తిన్నా ఎత్తని గొంతు అది. బజారు బిత్తరపోయి ఊరుకుంది.

“ఈసారీ ఆయనకేనా, పెద్దాయనా?” ఎన్నికల అధికారి నవ్వాడు.

“జెట్టీ కట్టించాడుగా. నా ఓటు జెట్టీకి. మనిషితో నాకేం పని?”

“జెట్టీ పోటీలో లేదు మరి. పేరు చెప్పాలి.”

ముసలాయన నేలకేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“మాగ్నస్ హాల్‌క్రో.”

వేదిక మీద హాల్‌క్రో కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ముసలాయన అప్పుడే మెట్లు దిగిపోతున్నాడు. వెనక్కి తిరగలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. క్రైటన్ గెలిచాడు. జనం అతన్ని భుజాల మీద ఎత్తుకుని సారా కొట్టు వైపు ఊరేగించారు.

“చూశారా! మాట్లాడనందుకు సీటు పోయింది,” పీబుల్స్ ఏడుపుగొట్టు మొహంతో అన్నాడు. “ఇంక ఆ చీటీల పెట్టెని ఎవరూ ఆపలేరు.”

“అవును. ఇవాళ్టిదే ఆఖరు.” హాల్‌క్రో చూపు ఖాళీ నది మలుపు మీదే ఉంది.

“ఊరంతా తిట్టినా కదలనివారు ఆ ముసలాయనకి లేచి టోపీ తీశారే! ఎవరండీ ఆయన?”

“మా అన్న. అమ్మని పాతిపెట్టిన రోజు నుంచీ మా మధ్య మాటల్లేవు. ఆయన నోట నా పేరు వినడానికి, పీబుల్స్, ఎన్నికల్లో నిలబడటం తప్ప నాకు ఇంకో దారి దొరకలేదు.”