ఒవీద్ చేతి సరుకు

ఆర్డిత్ గాజుసీసా మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. ఒవీద్ ఊపిరి బిగబట్టాడు.

"నీ చేతి సరుకు నీ చేతి సరుకేరా!" అంది. "ఆ కూడలి కొట్టువాళ్ళు అమ్మేది ఉత్త ఎండుగడ్డి."

"మీరెప్పుడు కొన్నారమ్మా అక్కడ?"

"నాకేం ఖర్మ! మా చెల్లెలు తెచ్చుకుంది. ఒక్క దమ్ము లాగి, మిగతాది కోళ్ళగూట్లో పరిచేసింది."

ఒవీద్ నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోలేదు.

అమెరికాలోని మేన్ రాష్ట్రంలో ఒకప్పుడు గంజాయి కావాలంటే డాక్టరిచ్చిన కార్డు ఉండాల్సిందే. కార్డున్న రోగులకు పెంచి ఇచ్చే అనుమతి ఒవీద్ సంపాదించాడు. బంగాళాదుంపల పొలం అమ్మి ఆ మొక్కలకు షెడ్డు వేశాడు. తరవాత చట్టం మారింది. ఇరవై ఒకటి నిండినవాళ్ళెవరైనా కొట్టుకెళ్ళి కొనుక్కోవచ్చన్నారు. కూడలిలో కొట్టు వెలిసింది. గిరాకీ నీళ్ళలాంటిది, పల్లం ఎటుంటే అటే పోతుంది. ఒవీద్ రోగులూ పోయారు. మిగిలింది ఆర్డిత్ ఒక్కతే. మంచు పడినా, బురదైనా, ఆ కొట్టు ముందునుంచే పాత ట్రక్కు నడుపుకుంటూ ఇంతదూరం వస్తుంది.

"కొట్టు మీ ఇంటి పక్కనేగా. కార్డు కోసం ఏటేటా డాక్టరు చుట్టూ తిరగడమెందుకు?" అన్నాడు.

"వదిలించుకుందామనా?"

"అయ్యో, అది కాదమ్మా..."

"నా నడుం నొప్పికి నీ మొక్క తప్ప ఏదీ పనిచెయ్యదు. నువ్వు మానేస్తే మళ్ళీ ఆ మాత్రలే మింగాలి. మింగితే పగలంతా మొద్దులా పడుంటాను. మానేస్తావా, చెప్పు?"

"మానను."

"అయితే నోర్మూసుకుని ఈ బీన్సు తిను. పెళ్ళాం పోయిందని పొయ్యి కూడా ఆర్పేశావా? చొక్కాలో మనిషున్నాడో లేడో తెలియట్లేదు."

కుండలో వండి తెచ్చిన బీన్సు అతను తినేదాకా ఆమె కుర్చీలోంచి కదల్లేదు. షెడ్డు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. ఆమె ఎప్పుడూ చూడదు. అందుకు ఒవీద్ లోలోపలే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు.

షెడ్డులో ఏమీ లేదు. బూజు తెగులు పంటను ఊడ్చేసింది. మొక్కలకు వెలుగిచ్చే దీపాలు అమ్ముకున్నాడు. ఆ సంగతి చెబుదామనుకున్న రోజే ఆమె మాత్రల మాట ఎత్తింది. చెప్పడం మానుకున్నాడు. మర్నాడు కూడలి కొట్టుకెళ్ళి కొన్నాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న పొట్లం చించి, సరుకు తన సీసాలోకి ఒంపాడు. అప్పట్నుంచీ అదే వరస. కొన్న ధరకన్నా తక్కువకే ఆమెకు ఇస్తున్నాడు. ఈ బేరంలో నాకు మిగిలేదేమిటని ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాడు. వేడి బీన్సు, 'ఏరా' అనే ఒక్క పిలుపు. లాభమే అని తేలింది.

ఆమె ట్రక్కు మలుపు తిరగ్గానే, వచ్చేసారికి సరుకు కోసం కొట్టుకు బయలుదేరాడు.

కౌంటర్లో ఉన్న కెల్సీ తెలిసిన మొహమైనా రూలు ప్రకారం వయసు కోసం డ్రైవింగ్ లైసెన్సు చూసింది. ఒవీద్ కళ్ళు అర మీదకు పోయాయి. తను కొనే రకం ఉండే చోటు ఖాళీగా ఉంది.

"అయిపోయిందా?" అన్నాడు కౌంటరు మీదకు వంగి. వేరే రకం పోస్తే ఆర్డిత్ ముక్కు పట్టేస్తుంది. ఇన్నాళ్ళ మోసం బయటపడుతుంది. ఆమె మళ్ళీ మాత్రల పాలవుతుంది.

"కంగారు పడకండి ఒవీద్ గారూ." కెల్సీ కౌంటరు కిందనుంచి పొట్లం తీసింది. "ఇది ఎప్పుడు అయిపోవచ్చినా మీకోసం ఒకటి పక్కన పెట్టమని చెప్పి ఉంచారు."

"నాకోసమా? ఎవరు?"

"ఆర్డిత్ గారు."