పది గంటలకు తప్పకుండా

"అరగంట నిలుపప్పా. నా బిడ్డ బతుకు."

పొన్నుసామి మేస్త్రీ పక్కింటి జయరామన్ చేతులు పట్టుకున్నాడు. గుడియాత్తంలోని ఆ సందులో జయరామన్ లుంగీలు నేసే మరమగ్గం మొదలైతే మనిషి మాట మనిషికి వినపడదు. పది గంటలకు మోనిషకు ఇంటర్వ్యూ. చెన్నై కంపెనీ వాళ్ళు వీడియో కాల్‌లో చేస్తారు.

"మొన్నా ఇదే చెప్పినావు. నిన్నా ఇదే చెప్పినావు. ఆయమ్మ వచ్చిందా? ఊరికే నా లుంగీలకు అడ్డం పడతా ఉండావు."

తిట్టుకుంటూనే జయరామన్ స్విచ్చి ఆపాడు.

ఇంట్లో మోనిష ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వెనక గోడ పెచ్చులూడిపోయి ఉంది. ఆ గోడ పూస్తానని పొన్నుసామి పోయిన దీపావళికి ముందు నుంచీ అంటున్నాడు. అది కనబడకుండా తల్లి చెల్లమ్మ కొత్త దుప్పటి వేలాడదీసింది.

ఈ ఉద్యోగం వస్తే ఇంటి నుంచే పని. రాకపోతే సోమవారం ఆంబూరు వెళ్ళే చెప్పుల కంపెనీ బస్సు ఎక్కాలి. అక్కడ రోజంతా నిలబడి జిగురు పూయాలి. ఆ జిగురు వాసన పీల్చీ పీల్చీ చెల్లమ్మకు దగ్గు పట్టుకుంది. తన బిడ్డ మాత్రం ఆ బస్సు ఎక్కకూడదని ఆమె పంతం.

ఇంటర్వ్యూ చేయాల్సిన ఆమె పేరు గాయత్రి. ఉండేది వేలూరులోనే. మొదట ఫోన్ చేసినప్పుడు తెలుగులో ఎంతో తీయగా మాట్లాడింది. "బుధవారం పది గంటలకు తప్పకుండా" అంది. బుధవారం రాలేదు. సాయంత్రం ఒక మెసేజ్ పడేసింది. అర్జెంటు పని పడిందట. గురువారం పది గంటలకు తప్పకుండానట. గురువారమూ అదే వరస. ఇవాళ శుక్రవారమే ఆఖరి రోజని, ఆ తర్వాత ఎవరినీ తీసుకోరని మాత్రం ముందే చెప్పింది.

ఉద్యోగాలిచ్చే వాళ్ళకు ఈ సుఖం ఒకటుంది. రాకపోయినా వాళ్ళను అడిగే నాథుడు లేడు. ఉద్యోగం అడిగేవాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం వాడికి క్రమశిక్షణ లేదంటారు.

పది దాటింది. తెర మీద మోనిష ముఖం ఒక్కటే కనబడుతోంది.

పొన్నుసామి సెల్లు వణికింది. అతను పెరట్లోకి వెళ్ళి ఏదో గొణిగి వచ్చాడు.

"ఎవురు?" అంది చెల్లమ్మ.

"వేలూరు సైటు. ఏదో ఒకటి చెప్పినాలే. నా బిడ్డ కంటే నాకు పని ఎక్కువా?"

మూడు రోజులుగా అతను పనికి పోలేదు. మగ్గం ఆపించాలి. కూరగాయల బండివాణ్ణి సందు మొదట్లోనే అడ్డుకోవాలి. వీధి కుక్కను తరమాలి. ఇంత పని ఇంట్లో ఉండగా ఇంకెవరి ఇల్లో కట్టడానికి తీరికెక్కడిది?

మోనిష గాయత్రికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

పొన్నుసామి సెల్లు మళ్ళీ వణికింది. అతను చూసి, కట్ చేసి, తలగడ కింద పెట్టేశాడు.

గోడవతల నుంచి జయరామన్ గొంతు వినిపించింది. "ఏమప్పా, వేసేదా?"

మగ్గం మొదలైంది.

మోనిష ల్యాప్‌టాప్ మూసేసింది. ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది గానీ కన్నీళ్ళు ఆగలేదు.

"పోనీలే నాయనా. సోమవారం బస్సుకు పోతాను."

ఆ మాటతో పొన్నుసామికి ఒళ్ళు మండింది. కూతురి ఫోన్ లాక్కున్నాడు. మగ్గం మోత తప్పించుకోవడానికి మిద్దె మెట్లు ఎక్కాడు. తల్లీకూతుళ్ళు వెంట పరిగెత్తారు.

"వద్దు నాయనా! ఇంగో కంపెనీలో కూడా నా పేరు చెడిపోతాది."

అతను వినలేదు. గాయత్రి నంబరు నొక్కించాడు. ఆమె తిట్లు తినడం ఇంటిల్లిపాదీ వినాలని స్పీకరు కూడా పెట్టించాడు.

ఈసారి ఎత్తింది. హలో అనే సందు కూడా ఇవ్వలేదు పొన్నుసామి.

"ఏమ్మా, నీకు మనసనేది ఉండాదా? వస్తా వస్తా అని చెప్పి మూడు దినాలు ఏమార్చినావే! రాలేకుంటే రాలేనని ఒక మాట చెప్పేదానికి నీ నోరేమన్నా నొస్తాదా? నువ్వు వస్తావని ఈడ ఒక మనిషి పనులన్నీ ఇడిసిపెట్టి ఎదురుచూస్తా ఉంటే, నువ్వు యాడ తిరగతా ఉండావు? మాట మీద నిలబడలేనిదానివి, నువ్వు ఇంగొకరికి ఏం ఉద్యోగం ఇస్తావు?"

చెల్లమ్మ కళ్ళు మెరిశాయి. మొగుడు ఇంత బాగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

అవతలి నుంచి ఏదో యంత్రం మోత, ఎవరో కూలీల అరుపులు వినిపించాయి.

"ఈ గొంతు పొన్నుసామి మేస్త్రీది గదా," అంది గాయత్రి, "'బస్సులో ఉండా, పది గంటలకు తప్పకుండా వచ్చేస్తా' అని నువ్వు చెప్పిన మూడు దినాలూ, మోనిష ఇంటర్వ్యూ ఇడిసిపెట్టి, వేలూరు సత్తువాచారిలో మా ఇంటి పని కాడ నీ కోసరమే నిలబడుకోనుండానప్పా!"