మిణుగురు కాలు వదలని పేడపురుగు

ముసలి ఏనుగు తలలో, తొండాన్ని ఆడించే చోట, కంటికి ఆనని చిన్న గదులు ఎన్నో ఉండేవి. ప్రతి గదిలో మిణుగురులు వెలుగిచ్చేవి, ఆ వెలుగు వల్ల పడే మసిని ఒక పేడపురుగు ఎత్తిపోసేది. మసి పడితే మిణుగురు వచ్చి పేడపురుగును తాకి, కబురు చెప్పి, వెంటనే పక్కకు తప్పుకోవాలి. అది అక్కడి కట్టుబాటు.

ఒకరోజు ఒక గదిలో ఓ మిణుగురు ఆలస్యంగా వచ్చి పేడపురుగును తాకింది. "మసి పేరుకుపోయింది, రా మావా."

పేడపురుగుకు ఒళ్లు మండింది. మిణుగురు కాలు గట్టిగా పట్టుకుంది. "ఇంత పెంట చేశాకా చెప్పడం? నేనేమన్నా నీ పాలేరునా? తప్పు ఒప్పుకుంటేనే వదుల్తా!"

"నిన్ననే వచ్చా. మొహం తిప్పుకుంది నువ్వు! నేనెందుకు ఒప్పుకోవాలి?"

మసి ముద్దలు కట్టి గుమ్మం దాకా వచ్చింది. వెలుగు సన్నగిల్లింది. "ముందు వదులు మావా, తిట్లు తర్వాత," అని మిగతా మిణుగురులు మొత్తుకున్నాయి.

"నోర్ముయ్యండి!"

పక్క గదుల్లోనూ ఇదే రచ్చ.

బయట ఏనుగు, మనవరాలికి తాగిద్దామని తొండం నిండా నీళ్లు పీల్చింది. తొండం గడగడా వణికి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. లోపల గది అదిరిపోయింది.

"ఇల్లు ఊపుతున్నది ఎవడ్రా?" అని పేడపురుగు గద్దించింది. మిణుగురు కాలు మాత్రం వదల్లేదు.